మీసానికి మూడు వందలు

ఉదయగిరి బస్టాండులో ఆత్మకూరు బస్సెక్కి కూర్చున్నప్పటి నుంచి పెంచలప్రసాద్ కుడిచేయి ఊరికే ఉండటం లేదు. రెండు నిమిషాలకొకసారి పై పెదవి మీదికి పోవడం, అక్కడ దువ్వడానికి ఏమీ దొరక్క దిగిరావడం. ముప్పై ఏళ్ళ అలవాటు మూడు రోజుల్లో పోతుందా. ముక్కు మీది నుంచి గడ్డం దాకా తువ్వాల చుట్టుకున్నాడు, ఎవరైనా అడిగితే దుమ్ము అని చెప్పొచ్చు, ఈ రోడ్డులో దుమ్ముకేం తక్కువ. సాయంత్రం ఐదున్నరయినా ఎండ కిటికీ కమ్మీలను వదలడం లేదు, ఒళ్ళంతా కట్టెలు కొట్టినట్టు నొప్పులు, ఇంకో గంటలో ఆత్మకూరు, అక్కడ ఆస్పత్రిలో నాయన. బతికే ఉన్నాడు. అదే వచ్చిన చిక్కు. ఛీ, ఏం మాట అది, నాయన బతికుండటం చిక్కా, చిక్కు ఈ పెదవిది. తండ్రి పోతే కదా కొడుకు మీసం తీసేది, కర్మకు కూర్చునే ముందు మంగలి తలా మీసమూ కలిపి గొరుగుతాడు, ఊళ్ళో ఎవడైనా మీసం లేకుండా ఎదురుపడితే బాగున్నావా అని అడగరు, ఎప్పుడు జరిగింది అని అడుగుతారు. పట్నంలో చదువుకునే పిల్లలు నున్నగా తిరుగుతున్నారు, వాళ్ళ సంగతి వేరు. వరికుంటపాడు వైపు పల్లెల్లో తండ్రి కళ్ళెదుట ఉండగా మీసం తీసినవాణ్ణి ప్రసాద్ తన నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు. ఇంకో గంటలో తానే ఆ ఒక్కడై నాయన చెంచయ్య మంచం దగ్గర నిలబడాలి, తువ్వాల తీయాలి, ఆయన చూడాలి.

పద్దెనిమిదో ఏట మొక్కు తీర్చడానికి పెంచలకోనకు తీసుకుపోయారు. మంగలి తల గొరిగి, నీళ్ళు చల్లి, అలవాటు కొద్దీ కత్తి ముఖం మీదికి తెచ్చాడో లేదో, పక్కనే చేతులు కట్టుకుని నిలబడిన నాయన గట్టిగా అరిచాడు, "రేయ్, మీసం ముట్టుకోబాక, నేనింకా ఉండాను!" వరసలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. అప్పటికి అక్కడ మీసం అనదగ్గది ఏముంది, నాలుగు నూగు వెంట్రుకలు, వాటిని కూడా నాయన తన ప్రాణానికి కంచె వేసినట్టు కాపాడుకున్నాడు. ఆ తరవాత దాన్ని పెంచడం ప్రసాద్‌కు వ్యవసాయం కంటే బాగా వచ్చింది, నిజం చెప్పాలంటే. బత్తాయి తోట ఎండిపోయింది, చెట్లు పీకేసి పొయ్యిలోకి అమ్ముకున్నాడు. మినుము వేస్తే తెగులొచ్చి ఆకు పసుపుపచ్చ అయిపోయింది. మీసం మాత్రం ఏనాడూ మోసం చేయలేదు. మోసం తనే చేశాడు దానికి, మూడు వందలకు.

రాజమోహన్ ఫోను చేసినప్పుడు మీటింగుకేమో అనుకున్నాడు, ఏ పార్టీ సభ అయినా మనుషుల్ని తోలేది రాజమోహనే. "మీటింగు కాదన్నా, షూటింగు. మన కొండకిందే, కోటగోడ కాడ. సినిమా కూడా కాదు, చరిత్ర పాఠమంట, పిల్లకాయలు ఫోనుల్లో చూసుకునేది. రోము సైన్యం. యాభై మంది కావాల, ఒడ్డూ పొడుగూ ఉండేవోళ్ళు. మూడు దినాలు, దినానికి ఎనిమిదొందలు, మీసం తీస్తే ఇంకో మూడొందలు." ఆ కాలం రోము సిపాయిలకు మీసాలు లేవట. ఆ మాట విన్నప్పుడు ప్రసాద్ ఆస్పత్రి వరండాలో ఉన్నాడు, లోపల ఇంకో పరీక్ష రాశారు నాయనకు, చీటీ తన చేతిలోనే ఉంది, ఆయాసం ఎందుకు తగ్గడం లేదో చూడాలట. సరే అన్నాడు. సరే అన్నప్పుడు మీసం గుర్తుకు రాలేదా అంటే వచ్చింది, వచ్చినదాన్ని పక్కకు నెట్టాడు, పైగా ఇంకో సంగతి కూడా నెట్టాడు, చెంచయ్య కొడుకు రోజు కూలికి పోవడం. నాయనతో కలిగిరిలో పొగాకు పని ఉందని చెప్పాడు. రజితతో షూటింగు అని చెప్పాడు గానీ పెదవి సంగతి చెప్పలేదు. భార్యతో సగం నిజం చెప్పడం అబద్ధం కింద రాదని పెళ్ళయిన మగాళ్ళందరికీ ఒక నమ్మకం ఉంటుంది. మొదటి రోజు తెల్లారి కొండకింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి రెండు గీతల్లో తీసేశారు. కిందికి చూశాడు, తన కాళ్ళ దగ్గర పడింది తనదో ముందువాడిదో తెలియలేదు. మూడో రోజు, ఇవాళే, పని ముగిశాక మేకప్పు అతను జాలిపడి పెట్టుడు మీసం ఇస్తానన్నాడు, బంకతో అంటిస్తే రెండు రోజులు ఊడదు, రెండు వందలవుతుంది అన్నాడు. తీయడానికి మూడు వందలు ఇచ్చి పెట్టడానికి రెండు వందలు అడుగుతున్నారు. వద్దన్నాడు. ఇప్పుడు, బస్సు గుంటలో పడి లేచినప్పుడల్లా, తీసుకోవాల్సిందేమో అనిపిస్తోంది. వద్దులే. నాయనకు అంటించిన మీసం చూపించడం కంటే ఇదే నయం. నయమా?

షూటింగులో నెత్తిన పెట్టింది ఇనుప టోపీ కాదు, పైన రంగు పూసిన అట్టలాంటిది, అయినా ఎండకు బాణలిలా కాలింది. చెప్పులు తోలు పట్టీలతో మోకాళ్ళ కిందిదాకా చుట్టేవి, కరిచి కరిచి మడమ మీద రూపాయి బిళ్ళంత చర్మం ఊడింది, ఇప్పుడు కూడా మంట. మూడు రోజులూ చేసింది యుద్ధం కాదు, క్యూలో నిలబడటం. కోటగోడ నీడ ఇటు ఉన్నప్పుడు అటు నిలబెట్టారు, అటు పోయినప్పుడు ఇటు. జీతాల రోజట అది. ఒక బల్ల, బల్ల వెనక ఒక గుమాస్తా వేషం, ముందు యాభై మంది సిపాయిలు. హైదరాబాదు నుంచి వచ్చిన శిల్ప అనే అమ్మాయి, చేతిలో కాగితాల అట్ట, కూలికి వచ్చిన యాభై మందినీ సార్ సార్ అని పిలుస్తూ భోజనాల దగ్గర అంతా వివరంగా చెప్పింది, అంత వివరం ఎవరూ అడగకపోయినా. ఈజిప్టు ఇసుకలో ఒక కాగితం దొరికిందట, దాదాపు రెండు వేల ఏళ్ళ నాటిది, ఒక రోము సిపాయి జీతం చీటీ. ఏడాదికి మూడు విడతల జీతం. విడతకు రెండు వందల నలభై ఎనిమిది నాణేలు. అందులోంచి తిండికి ఎనభై పట్టుకుంటారు. చెప్పులకూ పట్టీలకూ పన్నెండు. గడ్డికి పది. మొదటి విడతలో పండగ భోజనానికి ఇరవై, బట్టలకు అరవై. రెండో విడతలో జెండాల పేరు మీద నాలుగు, చనిపోయిన సిపాయిల అంత్యక్రియలకని అనుకుంటున్నారట. మూడో విడతలో తిండి, చెప్పులు, గడ్డి మామూలే, పైన బట్టలకు మళ్ళీ నూట నలభై ఆరు, కూడితే సరిగ్గా రెండు వందల నలభై ఎనిమిది. చేతికి సున్న.

గడ్డి ఎందుకు, అని ప్రసాద్ అడిగాడు, సేద్యగాడు కదా, అదే తట్టింది. కాలినడక సిపాయికి గడ్డితో పనేంది? పరుపు కింద పరుచుకోవడానికో, సామాను మోసే కంచరగాడిదకో, గట్టిగా ఎవరికీ తెలియదు సార్ అంది ఆ అమ్మాయి. కంచరగాడిదకే అయ్యుంటుంది. పడుకోవడానికి గడ్డిని డబ్బిచ్చి కొనేవాడు లోకంలో ఎక్కడా ఉండడు, ఆ గాడిద మాత్రం తన మేతకు తనే పైసా ఇవ్వకుండా తిని ఉంటుంది, దాని బాకీ వీడి జీతంలో కోసి ఉంటారు. ఆ సిపాయి కూడా ఇలాగే నిలబడి ఉంటాడు, వీపు మీద చెమట గీతలు కడుతూ, తన వంతు వచ్చేదాకా ఏం మిగులుతుందో లెక్కపెట్టుకుంటూ. పాతికేళ్ళు నిలబడాలట అలా. నౌకరీలో ఉన్నంత కాలం పెళ్ళి చేసుకోకూడదట, చేసుకున్నా ఆ పెళ్ళిని లెక్కలోకి తీసుకోరట. ఏం బతుకురా నీది. ఇంట్లో వాడికీ ఒక నాయన ఉండి ఉంటాడు కదా, ఆయనకూ ఆయాసం వచ్చి ఉంటుంది ఏదో ఒక రోజు, ఆ కబురు వీడికి ఎన్నాళ్ళకు చేరిందో.

తువ్వాల ఎప్పుడు జారిందో చూసుకోలేదు. నిద్ర పట్టిందేమో ఒక్క క్షణం. కళ్ళు తెరిస్తే నడవకు అవతలి సీటులోని ఆమె తననే చూస్తోంది, తెల్ల చీర, ఒళ్ళో జిప్పున్న నల్ల అట్ట బైబిలు, ముఖంలో నిజమైన జాలి. బస్సు నిండా ఆడవాళ్ళే, టిక్కెట్టు ఉచితం అయినప్పటి నుంచి అంతే, వాళ్ళల్లో ఇంకో ఇద్దరు కూడా ఆమె చూపు వెంట ఇటు చూశారు.

"ఎవురయ్యా పోయింది? నాయనా?"

కాదు అనాలి. కాదంటే ఎందుకు తీశావని అడుగుతుంది, షూటింగు అనాలి, రోము అనాలి, మూడు వందలు అనాలి, బస్సులో ఇంతమంది వినాలి, ఒంట్లో అంత మాట్లాడే శక్తి లేదు, మడమ మండుతోంది, నోరు ఎండిపోయింది, తల దానంతట అదే అవునన్నట్టు ఊగింది.

"అయ్యో. నా పేరు లిదియమ్మ. మా సంఘంలో చెప్పి మీ ఇంటోళ్ళ ఆదరణ కోసం ప్రార్థన చేయిస్తానయ్యా. పెద్దాయన పేరేంది?"

"చెంచయ్య."

చెప్పేశాడు. పేరు కూడా చెప్పేశాడు. ఆమె కళ్ళు మూసుకుని పెదవులు కదిలించడం మొదలుపెట్టింది, ఆ కదలికల్లో నాయన పేరు వస్తోందని తెలుస్తోంది. మీసం తీయడం ఒకటి. ఈ నోటితో ఒప్పుకోవడం ఇంకొకటి. ఎవరు చేయించారు నాతో ఈ పని, ఎవరూ చేయించలేదు, అలసట చేయించింది, అలసటకు శిక్ష ఉండదా ఏం. ఒకవేళ ఇదే నిమిషంలో అక్కడ, ఆ మంచం మీద... లేదు, లేదు. మూఢనమ్మకం. మూఢనమ్మకం అని తెలిసి కూడా ఆమెను ఆపాలనిపించింది, చేయి పట్టుకుని ఆపాలనిపించింది, ఆపమ్మా, ఆయన ఉన్నాడు, నిన్న రాత్రి ఇడ్లీ తిన్నాడట. చేయి లేవలేదు. తువ్వాల మళ్ళీ పైకి లాక్కున్నాడు.

మస్తానయ్య అయితే ఇంత జాలి కూడా పడలేదు. షూటింగు క్యూలో సరిగ్గా తన వెనక నిలబెట్టారు వాణ్ణి, అరవై దాటాయి, అయినా ఈటె పట్టుకుంటే నిజం సిపాయిలా ఉన్నాడు, ఒకప్పుడు తమ ఇంట్లోనే పన్నెండేళ్ళు జీతానికి ఉన్నాడు మరి. మొదటి రోజు చూసి చూసి అడిగాడు, "ప్రసాదయ్యా, పెద్దయ్య బాగానే ఉండాడు గదా?" ప్రసాద్ ఊ అన్నాడు. మస్తానయ్య ఆ పెదవిని ఇంకోసారి చూసి ఈటె చేయి మార్చుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం అసలు ఘట్టం తీశారు. గుమాస్తా వేషగాడు చీటీ చూసి పెద్దగా చదవాలి, తిండికి ఇంత, చెప్పులకు ఇంత, బట్టలకు ఇంత, మిగిలింది ఏమీ లేదు. ఆ మాట విన్న సిపాయి ముఖం కావాలట, ఊరికే విన్న ముఖం, నటించకూడదు. అందరినీ చూసి ప్రసాద్‌ను ఏరుకున్నారు. మీ ముఖంలో ఆ అలసట ఉంది సార్ అంది శిల్ప, మెచ్చుకోలుగానే అంది పాపం. కెమెరా ముఖం మీదికి వచ్చింది. గుమాస్తా చదివాడు. మిగిలింది ఏమీ లేదు. వెనక నుంచి నవ్వు. పకపకా, దాచుకోలేని నవ్వు, మస్తానయ్య ఈటెకు ఒరిగిపోయి నవ్వుతున్నాడు. ఆపండి ఆపండి అని అరిచారు, ఎవరయ్యా అది అని డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. మస్తానయ్య కళ్ళు తుడుచుకుని, ప్రసాద్‌కు మాత్రమే వినపడేలా చెప్పాడు.

"మీ కళ్ళంలో ఇన్నానయ్యా ఈ మాట. చెప్పులకు కోసినారు, దుప్పటికి కోసినారు, మా అమ్మ పోయినప్పుడు ఇచ్చిన బియ్యానికి కోసినారు. ఏమీ మిగల్లేదురా మస్తానా అన్నాడు పెద్దయ్య. వీడు అట్టే చదవతా ఉండాడు, అదే గొంతు."

రెండోసారి తీసినప్పుడు ప్రసాద్ ముఖం బాగా వచ్చిందట. అందరూ చప్పట్లు కొట్టారు. కళ్ళంలో నాయన కుంచం పక్కన కూర్చున్న కూర్చోవడం గుర్తుంది, జొన్నలు రాశిగా, నాయన మీసం మీద దుమ్ము, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం, మస్తానయ్య ఖాళీ గోనె మడిచి చంకలో పెట్టుకుని పోవడం. తనప్పుడు ఏం చేస్తున్నాడు? గుర్తులేదు. రాశి మీద ఎక్కి ఆడుకుంటూ ఉంటాడు. నాయన చెడ్డవాడా అంటే కాదు, అదే మస్తానయ్యకు పాము కరిస్తే తానే బండి కట్టి తోలుకుపోయాడు, దారంతా తిడుతూ తోలుకుపోయాడు. ఆ బండి బాడుగ కోశాడా? కోసే ఉంటాడు. ఈ సాయంత్రం రాజమోహన్ కూడా కోశాడు, భోజనాలకు, చెప్పుల అద్దెకు, ఆటోకు, తన వంతుకు, పోగా పద్దెనిమిది వందల ముప్పై చేతిలో పెట్టి, ఉంటానన్నా అన్నాడు. అడగలేదు ప్రసాద్. అడగడం ఎలాగో నేర్చుకోలేదు, ఇంట్లో అందరూ అడిగించుకున్నవాళ్ళే తప్ప అడిగే అవసరం పడినవాళ్ళు లేరు.

కిటికీ బయట నేల రంగు మారింది. ఎర్ర దిబ్బలూ తుమ్మలూ వెనకబడి, సోమశిల నీళ్ళు పారే పొలాలు వస్తున్నాయి, ఆ పచ్చదనం చూస్తే ఎప్పుడూ కొంచెం కడుపుమంట, ఇవాళ అది కూడా లేదు. శిల్ప ఇంకో సంగతి చెప్పింది. ఈజిప్టు కుర్రాడొకడు రోము ఓడల్లో సిపాయిగా చేరి, చేరగానే దారిఖర్చులకు మూడు బంగారు నాణేలు ముట్టాయని తండ్రికి ఉత్తరం రాశాడట, క్షేమంగా ఉన్నానని, నా బొమ్మ గీయించి పంపుతున్నానని. ఆ కాగితం కూడా దొరికింది. ఆ బొమ్మ చూసి వాళ్ళ నాయన ఏమనుకున్నాడో, వీడు నా కొడుకేనా అనుకున్నాడో. వాడిదే మేలు, బొమ్మ పంపి దూరంగా కూర్చున్నాడు. తను ముఖాన్నే మోసుకుపోతున్నాడు.

ఫోను మోగింది. రజిత. తీయడానికి చేయి రాలేదు, రెండు మోతలు, మూడు మోతలు, లిదియమ్మ కళ్ళు తెరిచి చూస్తోంది, నాలుగో మోతకు తీశాడు. అరిచినట్టే అడిగాడు.

"నాయన ఎట్టుండాడు?"

"ఏంది అట్ట అరస్తా ఉండారు? బాగానే ఉండాడు. ఆక్సిజన్ గొట్టం తీసేసినారు. మూడు దినాల నుంచి వాడు ఇంకా రాలేదా, వాడు ఇంకా రాలేదా అని ఒకటే అడగతా ఉండాడు మామ. యాడుండారు?"

వచ్చేస్తున్నానన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాక కూడా కాసేపు తల తిప్పలేకపోయాడు. నడవకు అవతల చీర సర్దుకుంటున్న చప్పుడు. బస్సు నెమ్మదించింది, ఊరి మొదట్లో ఆమె దిగాల్సిన చోటు కాబోలు. లేచి, కమ్మీ పట్టుకుని, ప్రసాద్ సీటు దగ్గర ఆగింది. తిడుతుంది, తిట్టనీ.

"పోనీలే అయ్యా," అంది. "ప్రార్థన ఉండేవోళ్ళకే బాగా పన్జేస్తాది."

ఆత్మకూరు బస్టాండు నుంచి ఆస్పత్రి పది నిమిషాల నడక, కుంటుకుంటూ నడిస్తే పదిహేను. అరటిపళ్ళు కొన్నాడు, నాయన అరటిపళ్ళు తినడని కొన్నాక గుర్తొచ్చింది. మెట్లు, ఫినాయిలు వాసన, వరండాలో చాపల మీద ఎవరెవరో మనుషులు, వాళ్ళలో ప్రతి మగవాడికీ మీసం ఉంది, చూడకూడదనుకుంటూనే అందరి ముఖాలూ చూశాడు. తలుపు దగ్గర ఆగాడు. చెంచయ్య దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు, ఆస్పత్రిలో చేరిన తొమ్మిది రోజుల్లో సగమైన మనిషి, ముఖంలో తగ్గనిది తెల్లటి ఆ మీసమొక్కటే. రజిత గ్లాసులో ఏదో కలుపుతోంది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. ఆ తువ్వాల ఏందని నాయన అడిగేలోపే ప్రసాద్ దుమ్ము అనేశాడు.

"దుమ్ము యాడిదిరా ఆస్పత్రిలో? తీ ఆ గుడ్డ."

తీశాడు. రజిత చేతిలో చెంచా ఆగిపోయింది. చెంచయ్య చూశాడు, సరిగ్గా ఆనలేదేమో దగ్గరికి రమ్మని చేయూపాడు, వంగితే ఆ చెయ్యి వచ్చి పెదవి మీద ఇటు నుంచి అటు ఒకసారి నిమిరింది. చెయ్యి వేడిగా, ఎముకలుగా ఉంది. గదిలో పక్క మంచం ముసలాయన కూడా దగ్గడం ఆపి చూస్తున్నాడు.

"నేనెప్పుడు పోయినాను రా?"

కోపం కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు, అది భరించలేకపోయాడు ప్రసాద్. మంచం పక్కన స్టూలు మీద కూలబడి అంతా చెప్పాడు, కొండకింద షూటింగు, రోము సిపాయిలు, ఎనిమిది వందలు, మీసానికి మూడు వందలు, కోతలు, మస్తానయ్య నవ్వింది కూడా చెప్పాడు, ఎందుకు నవ్వాడో కూడా. బస్సులో తల ఊపింది మాత్రం చెప్పలేకపోయాడు. మస్తానయ్య పేరు దగ్గర చెంచయ్య కళ్ళు మూసుకున్నాడు, తెరిచేసరికి తడిగా ఉన్నాయి, ముసలితనమో ఆయాసమో. ఊపిరి లోపలికి, బయటికి, మధ్యలో చిన్న ఈల.

"కూలికి పోయినావా నా కోసరం," అన్నాడు చివరికి. ఇంకో నాలుగు ఊపిర్లు. "ఎన్నాళ్ళు పడతాదిరా అది మొలిచేదానికి?"

"నెల, నెలన్నర, నాయనా."

"సరేలే. మొలిచిందాకా యాడికీ పోనులే."

చెప్పి, పని అయిపోయినట్టు దిండు మీదికి ఒరిగి, అటు తిరిగి పడుకున్నాడు. ప్రసాద్ చేయి మళ్ళీ పెదవి మీదికి పోయింది. ఇవాళ పొద్దున మళ్ళీ గొరిగిన చోట అప్పుడే గరుకు తగులుతోంది. ఆ గరుకును వేలితో వెనక్కి నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు, లోపలికే పొమ్మని.